కొత్త సముద్రపు చేపకు క్వారంటైన్: కొన్న రోజు నుంచి మెయిన్ ట్యాంకు దాకా

షాపులో చేప హుషారుగా ఈదుతుంటుంది. మేత వేయగానే ఎగబడుతుంది, ఒంటి మీద ఒక్క చుక్క కూడా కనిపించదు. దాన్ని తెచ్చి నేరుగా మెయిన్ ట్యాంకులో వదిలేస్తే, రెండు వారాలు తిరక్కుండానే ఎప్పటినుంచో ఉన్న చేపలు కూడా రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెడతాయి. ఉప్పునీటి చేపలకు పట్టే పరాన్నజీవులు చాలావరకు ముందు మొప్పల్లో చేరతాయి. అక్కడ ఉన్నవి బయటి నుంచి చూస్తే కనపడవు. పైగా చాలా షాపులు నీళ్లలో కొంచెం కాపర్ (పరాన్నజీవులను చంపే రాగి మందు) వేసి, సెలినిటీ (నీళ్లలో ఉప్పు పాలు) తగ్గించి నడుపుతాయి. జబ్బు చావదు కానీ పైకి తేలదు. మీ ఇంటికొచ్చి మామూలు ఉప్పునీళ్లలో పడ్డాక బయటపడుతుంది.

మంచినీటి ట్యాంకయితే అందులోనే మందు వేసుకోవచ్చు. పగడాలున్న ట్యాంకులో ఆ వీలు లేదు. పగడాలు, నత్తలు, రొయ్యలు, స్టార్ ఫిష్‌లు కాపర్‌కు చచ్చిపోతాయి. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి మోతాదు నిలవదు. జబ్బు లోపలికి వెళ్లాక చేపలన్నిటినీ పట్టి బయటికి తీయాలి. వాటిని పట్టాలంటే రాళ్లన్నీ కదపాలి. అందుకే చేయాల్సిందేదో గుమ్మం దగ్గరే చేయాలి.

క్వారంటైన్ అంటే వేరే ట్యాంకులో నాలుగు రోజులు ఉంచి చూడటం అని చాలామంది అనుకుంటారు. ఎన్ని రోజులన్నది మన ఓపిక మీద ఆధారపడదు, పరాన్నజీవి జీవితచక్రం మీద ఆధారపడుతుంది. ముందు అది అర్థమైతే ఈ కింది అంకెలన్నీ వాటంతటవే గుర్తుంటాయి.

తెల్లచుక్కల జబ్బు చేసే క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్‌నే తీసుకోండి. చేప ఒంటి మీద అది 3 నుంచి 7 రోజులుంటుంది. తర్వాత రాలిపోయి గాజుకో, ఇసుకకో, నత్త గుల్లకో అతుక్కుని తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి ఎక్కువగా 3 నుంచి 28 రోజుల్లో పగులుతుంది, కొన్ని ఇంకా ఆలస్యంగా పగులుతాయి. పగిలిన ఒక్కో తిత్తి నుంచి వందల కొద్దీ పిల్లలు ఈదుకుంటూ వస్తాయి. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది ఈ ఈదే దశ మీద మాత్రమే. చేప ఒంటి మీద ఉన్నదాన్ని కానీ, తిత్తిలో ఉన్నదాన్ని కానీ కాపర్ ఏమీ చేయలేదు. చుక్కలు రాలిపోతే జబ్బు తగ్గిందని మందు ఆపేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఆ చుక్కలు రాలింది తిత్తి కట్టుకోవడానికి.

1. చేప కొనడానికి నెల ముందు

ముందుగా ఒక స్పాంజ్ ఫిల్టర్ కొని మెయిన్ ట్యాంకు సంప్‌లో, అంటే దాని కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో పడేయండి. మూడు నాలుగు వారాల్లో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా అందులో స్థిరపడుతుంది. క్వారంటైన్‌లో చచ్చిపోయే చేపల్లో చాలావాటిని చంపేది జబ్బు కాదు, అమ్మోనియా. కొత్త ట్యాంకు, కొత్త నీళ్లు, కొత్త ఫిల్టర్ పెట్టి అదే రోజు చేపను వదిలితే మూడో రోజుకల్లా అమ్మోనియా ఎక్కుతుంది. అప్పుడు ‘క్వారంటైన్ వల్లే చేప పోయింది’ అంటారు. ఒక విధంగా నిజమే.

మొదటి ట్యాంకే పెడుతున్నవాళ్లకు సంప్ ఉండదు. వాళ్లు సీసాలో దొరికే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా వేసి, కొంచెం అమ్మోనియా పెట్టి, అది 24 గంటల్లో సున్నాకు వస్తోందని తేలాకే చేపను కొనాలి.

ట్యాంకు సామాను పెద్దగా లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తున్న ట్యాంకులో సుమారు 70 లీటర్లు పడతాయి. క్లౌన్ ఫిష్, గోబీ, డామ్సెల్, చిన్న రాస్‌లకు ఇది చాలు. టాంగ్‌లు, పెద్ద ఏంజెల్‌లు తెచ్చేవాళ్లు మూడడుగుల ట్యాంకు చూసుకోవాలి. అడుగున ఇసుక, రాళ్లు వేయకండి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, టీలు, ఎల్బోలు వేయండి. ప్లంబింగ్ షాపులో దొరికేవే, కాకపోతే గమ్ అంటని కొత్తవి కావాలి. రాత్రి ఇసుకలో దూరి పడుకునే రాస్‌లకు ఒక చిన్న డబ్బాలో సిలికా ఇసుక పెట్టండి. పగడపు ఇసుక కాపర్‌ను పీల్చేస్తుంది, అది వద్దు. హీటర్, థర్మామీటర్, ఎయిర్ పంపు కావాలి. పైన వల మూత తప్పనిసరి. ఫైర్ ఫిష్, రాస్‌లు ఎగిరి కింద పడతాయి, పొద్దున లేచేసరికి నేల మీద ఎండి ఉంటాయి.

మన దగ్గర రెండు విషయాలు అదనంగా చూసుకోవాలి. ఒకటి కరెంటు. సెల్స్‌తో నడిచే ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి, లేదా ట్యాంకును ఇన్వర్టర్ లైనుకు కలపండి. రెండోది ఎండ. విజయవాడలో మే నెలలో ఏసీ లేని గదిలో నీళ్లు 31, 32 డిగ్రీలకు వెళ్లిపోతాయి. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, మొప్పలు అప్పటికే దెబ్బతిన్న చేపకు అది మరీ కష్టం. నీటి మీదకు ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ నీళ్లు ఆవిరై సెలినిటీ పెరుగుతుంది. రోజూ ఆర్వో నీళ్లతో గీత దాకా నింపాలి. 25, 26 డిగ్రీలు నిలబెట్టలేకపోతే చేప కొనడం చలికాలానికి వాయిదా వేసుకోవడం మేలు.

ఆ గీత సంగతి. ట్యాంకు కొలతలతో లెక్కగట్టిన లీటర్లను నమ్మకండి. కొలత తెలిసిన బకెట్‌తో పోస్తూ లెక్కపెట్టి, 60 లీటర్ల దగ్గర బయట టేపు అంటించండి. తర్వాత వేసే ప్రతి మందుకూ ఈ అంకే ఆధారం.

వల, సైఫన్ పైపు, బకెట్, తువ్వాలు అన్నీ ఈ ట్యాంకుకు విడిగా ఉండాలి. ఒకే రంగు టేపు చుట్టి గుర్తుపెట్టుకోండి. మెయిన్ ట్యాంకు నుంచి కనీసం మూడు మీటర్ల దూరంలో, వీలైతే వేరే గదిలో పెట్టండి. ఎయిర్ స్టోన్ బుడగలు పగిలినప్పుడు ఎగిరే సన్నటి తుంపర్లతో కూడా వెల్వెట్ జబ్బు (దీని సంగతి 6లో) పక్క ట్యాంకుకు చేరగలదు. ఇంట్లో పని చేసుకునే వరుస కూడా ముఖ్యమే. ముందు మెయిన్ ట్యాంకు పని, ఆ తర్వాతే క్వారంటైన్.

2. నీళ్లు

ఆర్వో నీళ్లలో అక్వేరియం సాల్ట్ కలిపి, 24 గంటలు ఎయిర్ పెట్టి వాడండి. హైదరాబాద్ బోరు నీళ్లు నేరుగా వద్దు. వైజాగ్‌లో ఉన్నవాళ్లకు సముద్రం పక్కనే కదా అనిపిస్తుంది. ఒడ్డున తెచ్చిన నీళ్లలో డ్రైనేజీతో పాటు మనం వదిలించుకోవాలనుకునే పరాన్నజీవులే ఉండొచ్చు. క్వారంటైన్‌కు మాత్రం కలిపిన ఉప్పునీళ్లే వాడండి.

సాధారణంగా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు), అంటే సాంద్రత లెక్కలో 1.026 దగ్గర సెలినిటీ ఉండాలి. సెలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను ఆర్వో నీళ్లతో సున్నాకు సరిచేస్తే సరిపోదు, 35 పీపీటీ ద్రావణంతో కూడా చూసుకోండి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లింట్లో రిఫ్రాక్టోమీటర్ ఉండే ఉంటుంది, అమ్మోనియా కిట్ వాడటం కూడా వాళ్లకు కొత్త కాదు. కాకపోతే ఒక మాట. రొయ్యల్లో వచ్చే తెల్లమచ్చ వైరస్, ఇక్కడ చెబుతున్నది పరాన్నజీవి. పేరు ఒకేలా వినిపించినా ఒకదానికి చేసేది రెండోదానికి పనికిరాదు. మంచినీటి చేపల ‘వైట్ స్పాట్’ మందులు కూడా అంతే. మంచినీటిలో తెల్లచుక్కలు తెచ్చే ఇక్ వేరే జీవి. దానికి చేసినట్టు వేడి పెంచితే ఇక్కడ జబ్బు పోదు.

3. షాపులో

చేపకు మేత వేసి చూపించమనండి. తినని చేపను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. మన మార్కెట్‌కు వచ్చే సముద్రపు చేపల్లో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక, మాల్దీవుల నుంచి వచ్చేవి ఉంటాయి. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లలో నిషేధం ఉన్నా సైనైడ్ వాడి పట్టడం పూర్తిగా ఆగలేదు. అలా పట్టిన చేప బాగానే కనిపిస్తూ కొన్ని వారాల్లో పోవచ్చు. షాపుకొచ్చి రెండు వారాలు దాటి, తింటున్న చేపను ఎంచుకోవడం అందుకే.

దగ్గరగా నిలబడి ఊపిరి చూడండి. మొప్పలు టపటపా కొట్టుకుంటున్నా, ఒకవైపు మొప్ప మూసుకుని రెండోదానితోనే పీలుస్తున్నా వదిలేయండి. అదే వరుస ట్యాంకుల్లో ఎక్కడైనా చచ్చిన చేప ఉందేమో కూడా చూడండి, ఎందుకంటే అన్నిటికీ తిరిగే నీళ్లు ఒకటే. పెంపకంలో పుట్టిన క్లౌన్ ఫిష్ అయితే మంచిదే. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) లాంటి సంస్థలు వాటి పెంపక పద్ధతులను మన దేశంలోనే నిలబెట్టాయి. కానీ హేచరీలో శుభ్రంగా పుట్టిన పిల్ల కూడా షాపులో సముద్రంలో పట్టిన చేపల నీళ్లలోనే నాలుగు రోజులు గడుపుతుంది. దానికీ క్వారంటైన్ తప్పదు.

“ఏం కాదన్నా, మా నీళ్లలో కాపర్ ఉంటుంది” అంటే సంతోషించకండి. ఎంత ఉంటుందో, సెలినిటీ ఎంతో అడగండి. సెలినిటీ చెప్పలేకపోతే మీ రిఫ్రాక్టోమీటర్ జేబులో ఉంటుంది కదా.

సీ హార్స్, గట్టి పగడాలు అమ్మకానికి కనిపిస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. మన సముద్రాల్లోంచి వాటిని తీయడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

4. ఇంటికి తెచ్చిన రోజు

డ్రిప్ పద్ధతిలో, అంటే సంచి నీళ్లలోకి ట్యాంకు నీళ్లు చుక్క చుక్కగా వదులుతూ గంటన్నర అలవాటు చేయమని చాలాచోట్ల చెబుతారు. ఊళ్లోనే కొని అరగంటలో తెచ్చిన చేపకైతే పర్వాలేదు. పార్సిల్‌లో వచ్చిన చేపకు అది ప్రమాదం. గంటల తరబడి సంచిలో ఉంటే చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అందులో పేరుకున్న అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. చేపను అందులోనే ఉంచి చుక్క చుక్కగా నీళ్లు వేస్తూ కూర్చుంటే మొప్పలు కాలిపోతాయి.

దీనికి తేలికైన దారి ఉంది. పంపేవాళ్లను సెలినిటీ ముందే అడిగి, క్వారంటైన్ ట్యాంకును అదే అంకెకు తెచ్చిపెట్టండి. సంచిని విప్పకుండా 15, 20 నిమిషాలు నీటి మీద తేలనిస్తే వేడి సమానమవుతుంది. తర్వాత విప్పి, సెలినిటీ ఒకసారి కొలిచి, చేపను ప్లాస్టిక్ గిన్నెతో పట్టి ట్యాంకులోకి మార్చండి. ఏంజెల్ చేపల చెంప ముళ్లు వలలో చిక్కుకుంటాయి కాబట్టి వల వద్దు. సంచి నీళ్లు డ్రైనేజీలో పోయండి. తర్వాత సెలినిటీని రోజుకు 0.002కు మించకుండా పెంచుకుంటూ 1.026 దాకా తీసుకురండి. దించేటప్పుడు చేప తట్టుకుంటుంది, పెంచేటప్పుడే నెమ్మది కావాలి.

ఆ రోజు లైటు వేయకండి, మేత పెట్టకండి, పిల్లల్ని గాజు మీద కొట్టనివ్వకండి.

5. తినిపించడం

రెండో రోజు నుంచి మేత మొదలుపెట్టండి. ఫ్రోజెన్ మైసిస్, ఆర్టీమియా (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ఎక్కువ చేపలు తింటాయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియా దొరికితే మొండి చేపలకు అంతకంటే మంచిది లేదు. కోస్తా రొయ్యల హేచరీల్లో రోజూ పొదిగించేది ఇదే, గుడ్ల డబ్బా సంపాదించి ఇంట్లో సీసాలోనే పొదిగించుకోవచ్చు. టాంగ్‌లకు నోరి (ఎండు సముద్రపు నాచు) ఆకు క్లిప్పుకు తగిలించండి. తినగా మిగిలినదాన్ని పది నిమిషాల్లో సైఫన్‌తో తీసేయాలి, లేకపోతే అదంతా అమ్మోనియాయే.

చేప తినడం మొదలుపెట్టేదాకా మందు జోలికి పోవద్దు. కాపర్ ఆకలిని చంపుతుంది. తినని చేపకు కాపర్ వేస్తే ఇక తినకపోవచ్చు. కింద 6లో చెప్పిన వెల్వెట్ లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకూడదు.

6. ఏ జబ్బును ఎలా గుర్తుపట్టాలి

తెల్లచుక్కల జబ్బులో ఉప్పు గింజంత చుక్కలు రెక్కల మీద, ఒంటి మీద విడివిడిగా, లెక్కపెట్టగలిగేలా ఉంటాయి. రెండు మూడు రోజుల్లో మాయమై, వారం తర్వాత ఇంకా ఎక్కువగా వస్తాయి.

వెల్వెట్, అంటే అమైలూడినియం, దీనికంటే చాలా ప్రమాదం. చుక్కలు మరీ సన్నగా పొడి అంటుకున్నట్టుంటాయి, టార్చి ఏటవాలుగా వేస్తేనే కనిపిస్తాయి. చాలాసార్లు అవి కనపడకముందే చేప పోతుంది. వేగంగా ఊపిరి తీయడం, వెలుతురు నుంచి తప్పుకోవడం, పంపు నీటి ధారకు ఎదురుగా మొహం పెట్టి కదలకుండా నిలబడటం, అప్పటిదాకా తిన్న చేప మేత మానేయడం కనిపిస్తే అదేనని అనుకుని కాపర్ మొదలుపెట్టండి. రేపటిదాకా చూద్దాం అనుకుంటే రేపటికి చేప ఉండకపోవచ్చు.

క్లౌన్ ఫిష్ ఒంటి నుంచి జిగురు తెరలు తెరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. దీనికి కాపర్ పనిచేయదు. ఫార్మలిన్ స్నానం చేయించాలి. వేరే బకెట్‌లో ట్యాంకు వేడి, సెలినిటీ ఉన్న కొత్త ఉప్పునీళ్లు 10 లీటర్లు తీసుకుని, 37 శాతం ఫార్మలిన్ 1.5 మిల్లీలీటర్లు కలిపి, గట్టిగా ఎయిర్ పెట్టి 30 నుంచి 45 నిమిషాలు ఉంచాలి. చేప పక్కకు ఒరిగితే వెంటనే తీసేయాలి. తీశాక పాత ట్యాంకులో కాకుండా శుభ్రమైన ట్యాంకులో వదలాలి. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని బాల్కనీలోనో పెరట్లోనో చేయండి, పిల్లలకు అందనివ్వకండి. సీసా అడుగున తెల్లటి మడ్డి కట్టి ఉంటే అది వాడకూడదు.

క్రోమిస్‌ల పక్కటెముకల మీద ఎర్రటి పుండులా వస్తే యూరోనీమా అనుకోవాలి. నిజం చెప్పాలంటే పుండు పడ్డాక బతికేవి తక్కువ. నా మటుకు నేను బ్లూగ్రీన్ క్రోమిస్‌లను క్వారంటైన్‌లో ఇతర చేపలతో కలపను. రెక్కల అంచున కాలీఫ్లవర్‌లా తెల్లటి గడ్డ కనిపిస్తే లింఫోసిస్టిస్. అది వైరస్, చూడటానికి బాగోదు కానీ చాలావరకు దానంతటదే తగ్గుతుంది. దానికి మందు లేదు, టెన్షన్ కూడా అక్కర్లేదు.

7. కాపర్

కాపర్ మందుల్లో రెండు రకాలున్నాయి. వాటిని కలగాపులగం చేస్తే చేపలు చస్తాయి. కాపర్ పవర్ లాంటి కీలేటెడ్ (రాగిని వేరే పదార్థంతో కట్టిపెట్టిన) రకాన్ని 2.0 నుంచి 2.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంచాలి. క్యుప్రమైన్ లాంటి రకంలో 0.5 పీపీఎం చాలు. మొదటి రకం అంకెను రెండో రకానికి పెడితే నాలుగైదింతలు విషం పోసినట్టు. కొత్తవాళ్లకు కీలేటెడ్ రకమే నయం, మోతాదు నిలకడగా ఉంటుంది.

కొలవకుండా కాపర్ వేయడం కంటే వేయకపోవడం మేలు. రంగు చూసి పోల్చే చవక కిట్లలో 1.5కూ 2.0కూ తేడా కనిపించదు. హన్నా హెచ్‌ఐ702 లాంటి చిన్న డిజిటల్ మీటర్ ఖరీదే, కానీ ఒక టాంగ్ చేప ఖరీదుతో పోల్చుకుని చూడండి.

ఒక్కసారిగా వేయకండి. మొదటి రోజు 1.0, రెండో రోజు 1.5, మూడో రోజు 2.0, నాలుగో రోజు 2.25. 2.0 దాటిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. మధ్యలో ఒక్కసారి 2.0 కంటే దిగినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇది చాదస్తం అనిపించొచ్చు. కానీ ఆ దిగిన రోజునే తిత్తి పగిలి ఉంటే, పిల్లలు చేప మొప్పల్లోకి మళ్లీ చేరిపోయినట్టే.

నీళ్లు ఆవిరైతే కాపర్ పోదు, మంచినీళ్లు మాత్రమే కలపండి. నీళ్లు మార్చినప్పుడు మాత్రం పోతుంది. 15 లీటర్లు తీసేస్తే, పోసే 15 లీటర్లలో 2.25కు సరిపడా కాపర్ ముందే కలిపి పోయండి. ఫిల్టర్‌లో పెట్టే కార్బన్, పగడపు రాళ్లు, యూవీ దీపం ఏవీ ఈ రోజుల్లో ట్యాంకులో ఉండకూడదు. అమ్మోనియాను కట్టేస్తామనే ప్రైమ్ లాంటి ద్రావణాలు కాపర్ ఉన్న నీళ్లలో వేయకండి, కాపర్ విషం ఇంకా పెరుగుతుంది. అమ్మోనియా కనిపిస్తే నీళ్లు మార్చడమే మందు. గాజుకు లోపల అతికించే అమ్మోనియా బ్యాడ్జి ఒకటి ఉంటే రోజూ కిట్ తీయకుండా కంటితో చూసుకోవచ్చు.

మాండరిన్, పైప్ ఫిష్, షార్క్‌లు, రేలకు కాపర్ వద్దు. చిన్న ఏంజెల్‌లు, పఫర్‌లు, లయన్ ఫిష్‌లకు పెంచే వేగం సగానికి తగ్గించండి. చేప తినడం మానేస్తే పెంచడం ఆపి ఒకటి రెండు రోజులు అక్కడే ఉంచండి.

నెల రోజులు కాపర్‌లో ఉంచడం ఇష్టం లేకపోతే ఒక అడ్డదారి ఉంది. 14 రోజులు సరైన మోతాదులో ఉంచి, ఆ తర్వాత చేపను ఏ జబ్బూ అంటని మరో ట్యాంకులోకి మార్చేయడం. అప్పటికి చేప ఒంటి మీద ఉన్నవి రాలిపోయి ఉంటాయి, కాపర్ వల్ల కొత్తవి ఎక్కవు, తిత్తులు పాత ట్యాంకులోనే మిగిలిపోతాయి. రెండో ట్యాంకులో పాత నీళ్లు, పాత స్పాంజి, పాత పైపు ముక్క ఏదీ పడకూడదు. ఇల్లు ఇరుకైనవాళ్లకు కుదరదు.

8. మందు లేకుండా, తెల్లచుక్కలకు మాత్రమే

కాపర్ పడని చేపలకు ట్యాంకులు మార్చే పద్ధతి ఉంది. రెండు ప్లాస్టిక్ టబ్బులు చాలు. చేపను 1వ రోజు మొదటి టబ్బులో పెట్టి, 4వ, 7వ, 10వ, 13వ రోజుల్లో కొత్త నీళ్లున్న రెండోదానికి మారుస్తూ పోవాలి. తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది, మనం అంతకుముందే చేపను తీసేస్తాం. కాబట్టి 72 గంటలు దాటకూడదు. ఖాళీ చేసిన టబ్బు, హీటర్, పైపులు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ఒక్క చుక్క తడి కూడా మిగలకూడదు. ఇందులో చేపకు నలుగుడు ఎక్కువ. వెల్వెట్ దీనితో పోదు.

9. పురుగులు

మొప్పల్లో, చర్మం మీద, కళ్ల మీద పట్టే ఫ్లూక్‌లు అనే చదును పురుగులకు కాపర్ పనిచేయదు. నియోబెనిడీనియా లాంటివి కొన్ని మిల్లీమీటర్ల పొడవుంటాయి కానీ పారదర్శకం కాబట్టి కనిపించవు. అనుమానం ఉంటే మంచినీటి స్నానం చేయించి చూడొచ్చు. ట్యాంకు వేడికి తెచ్చిన ఆర్వో నీళ్లలో కొంచెం వంటసోడా వేసి పీహెచ్ సరిచేసి, ఎయిర్ పెట్టి, నల్లటి గిన్నెలో చేపను 5 నిమిషాలు ఉంచండి. ఫ్లూక్‌లు తెల్లబడి అడుగున రాలతాయి. ఇది చూసుకోవడానికే పనికొస్తుంది, నయం చేయడానికి కాదు.

నయం చేసేది ప్రాజిక్వాంటెల్, లీటరుకు 2.5 మిల్లీగ్రాములు. 60 లీటర్లకు 150 మిల్లీగ్రాములన్నమాట. అక్వేరియం కోసం అమ్మే రకమే తీసుకోండి. ఒక్క మోతాదుతో పెద్ద పురుగులు చస్తాయి, గుడ్లు మిగులుతాయి. అవి పొదిగాక, మళ్లీ గుడ్లు పెట్టేలోపు, 5 నుంచి 7 రోజులకు రెండో మోతాదు పడాలి. మందు వేశాక నీళ్లలో బ్యాక్టీరియా పెరిగి ప్రాణవాయువు తగ్గుతుంది. ఎయిర్ స్టోన్ ఇంకొకటి పెట్టండి. కాపర్, ఇదీ కలిపి వేసేవాళ్లున్నారు. నేనైతే కాపర్ ముగిశాకే వేస్తాను.

10. మందులన్నీ ఆపాక రెండు వారాలు

నీళ్లు మార్చి, కార్బన్ పెట్టి, మందు పూర్తిగా తీసేయండి. ఇప్పుడు మామూలు ఉప్పునీళ్లలో చేపను రెండు వారాలు ఊరికే చూడాలి. ఎక్కువమంది దాటేసేది ఈ దశనే. షాపులో కాపర్ జబ్బును కప్పిపెట్టినట్టే, మన కాపర్ కూడా ఏదైనా కప్పిపెట్టిందేమో తేలేది ఇక్కడే. బాగా మేపండి, రోజూ ఒకే వేళకు టార్చితో చూడండి. ఒక్క చుక్క కనిపించినా, ఒళ్లు రుద్దుకోవడం పదేపదే జరిగినా వెనక్కి వెళ్లాలి.

ఈలోపు ‘ఇంకో చేప బాగుంది’ అని తెచ్చి అదే ట్యాంకులో వేశారా, అన్ని చేపలకూ లెక్క మొదటి రోజుకు వచ్చేస్తుంది. ఒక బ్యాచ్ అంతా కలిసి లోపలికి, కలిసి బయటికి.

మొత్తం కలిపితే దాదాపు రెండు నెలలు. మంచి మేత, యూవీ ఉంటే చేపలు జబ్బుతో సర్దుకుని బతుకుతాయనే వాదన ఒకటుంది. పెద్ద, పాత ట్యాంకుల్లో తెల్లచుక్కల విషయంలో అది కొంతవరకు నిజం. ఒక రాత్రి కరెంటు పోయి చేపలు నీరసించేదాకా. వెల్వెట్ విషయంలో ఆ వాదన నిలబడదు.

11. మెయిన్ ట్యాంకులోకి

రెండు ట్యాంకుల వేడి, సెలినిటీ ఒకటి చేసి, చేపను మాత్రమే మార్చండి. క్వారంటైన్ నీళ్లు ఒక్క గ్లాసు కూడా వద్దు. అక్కడ ముందునుంచీ టాంగ్ ఉంటే కొత్తదాన్ని రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెలో నాలుగైదు రోజులు లోపలే వేలాడదీసి, కోపం తగ్గాక వదలండి. ఇన్నాళ్లు కాపాడిన చేపను మొదటి రోజే పాతది చీల్చేస్తే అంతకంటే బాధ లేదు.

క్వారంటైన్ ట్యాంకును బ్లీచ్ నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. కాపర్ తాకిన స్పాంజిని మళ్లీ పగడాల సంప్‌లోకి పెట్టకండి, పారేయండి.

12. పగడాలు, నత్తలు తెచ్చేటప్పుడు. లేదా ఇప్పటికే జబ్బు వచ్చి ఉంటే

పగడాలకూ నత్తలకూ ఈ జబ్బులు రావు. కానీ నత్త గుల్ల మీద, పగడం అతికిన రాయి మీద తిత్తి ఉండొచ్చు. వాటికి మందు వేయలేం కాబట్టి చేపలు లేని ట్యాంకులో ఉంచి, పగిలిన పిల్లలు తిండి లేక చావనివ్వాలి. ప్రయోగాల్లో ఒక తిత్తి 72 రోజుల తర్వాత కూడా పగిలినట్టు తేలింది. చేపలు లేకుండా ఉంచాల్సిన కాలంగా చెప్పే 76 రోజులు అనే అంకె దానికి నాలుగు రోజులు కలిపి పెట్టుకున్నది. నీళ్లు 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే 45 రోజులతో సరిపెట్టేవాళ్లున్నారు. వేడిలో తిత్తులు త్వరగా పగులుతాయని వాళ్ల లెక్క.

మెయిన్ ట్యాంకులో ఇప్పటికే జబ్బుంటే చేయాల్సింది కూడా ఇదే. ఒక్క గోబీని కూడా వదలకుండా చేపలన్నిటినీ తీసి పైన చెప్పినట్టు కాపర్‌లో పెట్టండి, మెయిన్ ట్యాంకును ఆ 76 రోజులూ చేపలు లేకుండా నడపండి. లైట్లు, పంపులు మామూలుగానే ఉంచాలి. రొయ్యలకు, పీతలకు రెండు మూడు రోజులకోసారి చిటికెడు మేత వేస్తే వాటికీ, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకూ సరిపోతుంది.